రణపాల ఆకులోని పులుపు

మన సంఘ సభ్యులలో పలువురు వేసవిలో ఎల్.టి.సి. సౌకర్యముతో సిమ్లాకో మనాలికో పోయి వచ్చువారే. వచ్చునపుడు శాలువలతోబాటు ఒక చిన్న మొక్కను గూడ తెచ్చుట పరిపాటి. దళసరి ఆకులు తామరపువ్వు రేకులవలె గుండ్రముగా పేర్చినట్లుండును. దాని పేరు సెంపర్వైవం. లాటిను భాషలో ఆ మాటకు ‘ఎల్లప్పుడు జీవించునది’ అని అర్థము. ద్వారకలోని మా మూడవ అంతస్తు బాల్కనీలో అది మే నెలలో ప్రవేశించి ఆగస్టులో గతించినది. దాని ప్రక్కనే, పగిలిన బకెట్టులో, మా ఇల్లాలు పుట్టింటినుండి తెచ్చుకొన్న రణపాల మాత్రము చలింపక నిలిచెను.

ఈ రెండును ఒకే కుటుంబపు మొక్కలని, శాస్త్రజ్ఞులు ఆ కుటుంబమును క్రాసులేసీ అందురని నాకు పిదప తెలిసెను. దాయాదులలో ఒకరు దక్కి ఒకరేల పోయిరి? సమాధానము వెదకబోగా దారి ఆల్ప్సు పర్వతములకు గాక, మన గోదావరి ప్రాంతమునందలి సామర్లకోటకు పోయినది. ఆ కథ మనవారిలో ఎందఱికో తెలియదని తోచి ఇచట వ్రాయుచున్నాను.

ముందుగా కొండమొక్కల పూర్వచరిత్ర కొంచెము. ఐరోపావాసులు సెంపర్వైవమును ఇండ్ల కప్పులపై పెంచెడివారు. పిడుగు పడకుండ అది కాపాడునని వారి నమ్మకము. క్రీ.శ. 800 ప్రాంతమున షార్లమేన్ చక్రవర్తి తన ఎస్టేటుల పాలనకై వెలువరించిన శాసనములో తోటమాలి తన ఇంటికప్పుపై ఈ మొక్కను ఉంచవలెనని ఒక నిబంధనయే కలదు. లిన్నేయసు 1753లో దీనికి శాస్త్రీయనామమును పెట్టినపుడు, ‘ఇంటికప్పులది’ అను విశేషణమును చేర్చినాడు. మన హిమాలయములలోను ఈ కుటుంబమునకు శాఖలు కలవు. లదాఖులో సముద్రమట్టమునకు పదునైదువేల అడుగుల ఎత్తున రాళ్ళ సందులలో రోడియోలా పెరుగును. అచటివారు దానిని సోలో అని పిలిచి, లేత చిగుళ్ళను ఉడికించి పెరుగులో కలుపుకొని తిందురు. పెరుగుపచ్చడి మన సొత్తేయని భావించువారు ఈ సంగతి గమనింతురుగాక.

ఇక సామర్లకోట. స్కాట్లండు దేశీయుడైన విలియం రాక్సుబర్గు ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు రాజధానికి వచ్చి, 1781లో సామర్లకోటకు చేరెను. వైద్యము జీవనోపాధి, మొక్కలు ప్రాణము. అచట తోట వేసి మిరియము, కాఫీ, నీలిమందు మొదలగువానిని పెంచి చూచెను. 1793లో కలకత్తా వృక్షశాస్త్రోద్యానమునకు అధికారియై పోవు పర్యంతము ఆ ప్రాంతపు మొక్కలను వర్ణించుటయు, చిత్రములు వ్రాయించుటయు మానలేదు. ఆ కృషియే ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను మూడు సంపుటముల గ్రంథమై 1795 మొదలు 1820 వఱకు లండనులో వెలువడెను. అందు మూడువందల చిత్రములు కలవు. వానిని గీసినవారు మనదేశపు చిత్రకారులు. వారి పేర్లు ఆ గ్రంథమున లేవు. సెక్రటేరియటు ఫైలులో నోటు వ్రాసిన గుమాస్తా పొట్టి సంతకమైనను మిగులును. వీరికి ఆ భాగ్యమును దక్కలేదు.

ఐనను తెలుగువారి మాట ఒకటి దక్కినది. ఆ గ్రంథపు మొదటి సంపుటములోనే ఆకులు లేని, కండగల నాలుగు పలకల కాడలుగల ఒక మెట్టభూమి మొక్క కలదు. పల్లెవారు దానిని ‘కారల్లం’ అందురని రాక్సుబర్గు తాను విన్న తెలుగు పేరును వ్రాసిపెట్టెను. తరువాత 1810లో రాబర్టు బ్రౌను అను పండితుడు ఆ జాతికంతకు ‘కారల్లూమా’ అని నామకరణము చేసెను. ఎడారిమొక్కలను పెంచువారు నేడు ఏ దేశమున నున్నను పలుకు ఆ పేరు గోదావరి తీరమున పుట్టినదే. చండీగఢ్ ప్రక్కన పంచ్‌కులాలో 1987లో నెలకొల్పిన జాతీయ కాక్టసు ఉద్యానములో మనదేశపు కారల్లూమాలను శ్రద్ధగా సేకరించి పెంచుచున్నారు. ద్వారకనుండి ఉదయమే బయలుదేరినచో చూచి రాత్రికి తిరిగి రావచ్చును. పిల్లలకు పేరుపలకను చదివి వినిపింపుడు.

రాక్సుబర్గు పోయిన పిదప సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్తగా పనిచేసినవాడు బెంజమిన్ హైనె. 1770లో సాక్సనీలో జన్మించిన ఇతడు మొరేవియను మతప్రచారకుడుగా తరంగంబాడికి వచ్చి, మతమునకంటె మొక్కలకే ఎక్కువ కాలము వెచ్చించెను. 1800లో కర్నలు మెకంజీ జరిపిన మైసూరు సర్వేలో చేరెను. మన కైఫీయతులను సేకరించిన మెకంజీయే ఆయన. బెంగుళూరు లాల్‌బాగ్ తోట బాధ్యతయు హైనెకు కొంతకాలము లభించెను. 1819లో మద్రాసులోనే కన్నుమూసెను.

ఇతడు భారతదేశములో ఉండగా రణపాల ఆకును నమిలి చూచినాడు. ఆకును నమలుట మన పల్లెలలో ఎవరును చేయని పని కాదు. హైనె చేసిన విశేషమేమనగా, అదే మొక్క ఆకును ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము నమిలి చూచుట. తెల్లవాఱునపుడు పుల్లగానుండి, మధ్యాహ్నమునకు చప్పబడి, సాయంకాలమునకు ఇంచుక చేదెక్కెను. ఇంగ్లండుకు పోయియున్న కాలమున, 1813లో, ఈ సంగతిని లాంబర్టు అను పండితునకు జాబుగా వ్రాసెను. లండనులోని లిన్నియను సొసైటీ 1815లో దానిని అచ్చువేసెను. మొత్తము మూడు పుటలు! యంత్రము లేదు, ప్రయోగశాల లేదు, నాలుకయే పరికరము. నాగజెముడు జాతి మొక్క చీకటిలో గాలిని పీల్చుకొనుట సోస్యూరు అను స్విస్ శాస్త్రజ్ఞుడు 1804లోనే గుర్తించియుండెను. కాని ఆకు రుచి రేయింబవళ్ళతో మాఱునని తేటగా చెప్పినది హైనె జాబే.

ఆ పులుపునకు కారణము ఇప్పుడు తెలిసినది. సామాన్యముగా మొక్కలు పగలు ఆకుల రంధ్రములను తెఱచి బొగ్గుపులుసు గాలిని తీసికొనును. ఎండలో రంధ్రములు తెఱచినచో నీరు ఆవిరియై పోవును. నీటికి కటకటపడు ఈ మొక్కలు రాత్రి చల్లదనములో తెఱచుకొని, తీసికొన్న గాలిని మాలికామ్లముగా మార్చి ఆకులో దాచుకొనును. పచ్చి ఆపిలు పండులో నుండు పులుపును ఇదియే. పగలు తలుపులు బిగించి, ఆ నిల్వను సూర్యకాంతితో ఖర్చుపెట్టును. కావుననే తెల్లవాఱుజామున పులుపు; ప్రొద్దెక్కినకొలది చప్పదనము. 1940ల దశకములో ఈ విధానమునకు క్రాసులేసీ కుటుంబము పేరే పెట్టిరి.

మా సెంపర్వైవము ఏల మరణించెనో ఇపుడు చెప్పవచ్చును. కొండలలో పగలు ఎంత ఎండ కాసినను రాత్రి చలి తప్పదు. చలికాలమున మంచు దుప్పటి క్రింద మొక్క పొడిగా నిద్రించును. ఢిల్లీలో జూను మాసమున కొన్ని రాత్రులు వేడి 30 డిగ్రీలకైనను దిగదు. అంత వేడి రాత్రులలో ఆ మొక్క తన పని సరిగా చేయజాలదు. జులైలో వాన మొదలుకాగానే, నీరసించిన వేరు వెచ్చని తడిలో క్రుళ్ళును. మొక్క వాడినదని తలచి నేను పూటపూటకు నీరు పోసితిని. చేజేతులా దానిని చంపినది నేనే. రణపాల పుట్టినిల్లు మడగాస్కరు. దానికి వెచ్చని రాత్రులు క్రొత్త కాదు.

పట్టుదలగలవారికొఱకు నేను నేర్చిన నాలుగు మాటలు. కొండమొక్కను వేసవిలో గాక నవంబరులో నాటుడు; ఢిల్లీలో దానికి అనుకూలమైన కాలము అపుడే. లోతు తక్కువైన మట్టికుండీ మేలు. ప్లాస్టిక్కు డబ్బా పనికిరాదు. ఇంటి నిర్మాణమునకు వాడు బదర్పూర్ ఇసుకను జల్లించి, సన్నని పొడిని పాఱబోసి, మిగిలిన గరుకును సగముపైగా మట్టిలో కలుపుడు. ఆకుల మొదళ్ళ చుట్టు చిన్న గులకరాళ్ళను పఱచుడు. మట్టి పూర్తిగా ఎండిన పిమ్మటనే నీరు. ఏప్రిలు నుండి మధ్యాహ్నపు ఎండ తగులని తూర్పు గోడ నీడను, వానకాలమున పైకప్పును తప్పక చూపవలెను. పేడ ఎరువు వలదు. బలిసిన ఆకు త్వరగా క్రుళ్ళును.

మొన్న తెల్లవాఱుజామున రణపాల ఆకు ముక్కను నేనును నమిలి ఉమ్మివేసితిని. చింతచిగురువలె పుల్లగానుండెను. సాయంకాలము కార్యాలయమునుండి వచ్చి మరల నమలగా పులుపు జాడయే లేదు. మా ఇల్లాలు మాత్రము మొక్కను తినవలదని ఆజ్ఞాపించి బకెట్టును లోపలికి జరిపినది. క్రొత్తగా తెచ్చిన సెంపర్వైవము ప్రస్తుతము క్షేమము. మే నెలలో కొండలకు పోవు సభ్యులెవరైన దానిని వెంటబెట్టుకొని పోయినచో కుండీతో సహా అప్పగించెదను.