మచిలీపట్నం కలంకారీ జానమాజ్: ఆ చిత్రాన్ని ఎలా చదవాలి?

ముదురు ఎరుపు, నలుపు, నీలం రంగులు అద్దిన ఒక నూలుబట్ట. మధ్యలో మిహ్రాబ్ ఆకారంలో తోరణం. తోరణం కింద నిటారుగా నిలబడిన చెట్టు, దాని మొదట్లో పూలు. చుట్టూ వరుసలు వరుసలుగా అంచులు. మచిలీపట్నం కలంకారీలో జానమాజ్‌గా, గోడకు వేలాడే పర్దాగా తయారైన బట్టల్లో తరచూ కనిపించే చిత్రం ఇది. కొందరు దీన్ని చూసి “ఇరాన్ డిజైన్, మనది కాదు” అంటారు. ఇంకొందరు కలంకారీ అనగానే “గుళ్లలో వేలాడదీసే బట్ట కదా, మనకెందుకు” అంటారు. ఈ రెండు మాటల్లోనూ సగం నిజమే ఉంది. మిగతా సగం తెలియాలంటే చిత్రాన్ని భాగాలుగా విడదీసి చూడాలి.

పేరు ఎక్కడిది?

కలం అంటే రాసే సాధనం. పవిత్ర ఖుర్ఆన్‌లో 68వ సూరా పేరు కూడా అల్-ఖలమ్. ‘కారీ’ అంటే పని అని ఫార్సీలో అర్థం. కలంతో చేసే పని కాబట్టి కలంకారీ. పేరు ఫార్సీదే అయినా పని మాత్రం ఈ నేలది. బట్ట మీద రంగు నిలిచేలా అద్దడం గోల్కొండ సుల్తానులు రాకముందే ఈ తీరంలో తెలుసు.

1518 నుంచి 1687 వరకు సాగిన కుతుబ్ షాహీల పాలనలో మచిలీపట్నం గోల్కొండకు ప్రధాన రేవు. ఆ వంశ స్థాపకుడు కులీ కుతుబుల్ ముల్క్ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. రేవు నుంచి ఓడలు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు వెళ్లేవి. ‘బందర్’ అంటే ఫార్సీలో ఓడరేవు. మచిలీపట్నాన్ని జనం ఇప్పటికీ బందరు అంటారంటే ఆ రాకపోకల గుర్తే. జానమాజ్‌లు, దస్తర్‌ఖాన్లు, పర్దాలు, పలంగ్‌పోష్‌లు ఈ దారుల్లోనే అమ్ముడుపోయాయి.

కింది నుంచి పైకి చదివితే

చెట్టు: మధ్యలో నిలబడింది సర్వ్ చెట్టు. కోస్తా ఇసుక నేలల్లో పెరిగే సరుగుడును కూడా కొన్ని చోట్ల సర్వి అంటారు గానీ అది వేరు, ఇది వేరు. సర్వ్ ఇరాన్ తోటల చెట్టు, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. ఫార్సీ, ఉర్దూ కవులు నిటారైన అందాన్ని దానితోనే పోలుస్తారు. కృష్ణా డెల్టాలో సహజంగా పెరగని చెట్టును ఇక్కడి పనివాళ్లు తమ బట్ట మీద నిలబెట్టారు. చుట్టూ అల్లిన తీగలు, పూలలో మాత్రం దక్కన్ చెయ్యి తెలిసిపోతుంది. ఆకుల మధ్య ఖాళీ వదలకుండా నింపేస్తారు.

తోరణం: నమాజుకు నిలబడేవారికి ఇది మిహ్రాబ్. పరిచేటప్పుడు దాని కొస ఖిబ్లా వైపు ఉండాలి. అంటే ఈ డిజైన్ అందం కోసం మాత్రమే కాదు, దిక్కు చూపించే పని కూడా చేస్తుంది. తోరణం కింద ముఖ్యమైనదాన్ని నిలబెట్టడం ఇక్కడి కళకూ కొత్త కాదు. శ్రీకాళహస్తి బట్టల్లో దేవతల బొమ్మలు కూడా తోరణాల కింద కనిపిస్తాయి. చట్రం ఒకటే. లోపల ఏముండాలి అన్నదే వేరు.

అంచు: అంచుల్లో వంగిన కొసతో ఉండే గుర్తు చాలామందికి తెలుసు. ఫార్సీలో అది ‘బుతె’. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ‘కైరీ’, అంటే పచ్చి మామిడికాయ. తెలుగులో మామిడి పిందె. ఒకే గీతను ముగ్గురు మూడు పేర్లతో పిలుస్తున్నారు. ఇది ఎవరిదని తగువు పెట్టుకుంటే తేలేది కాదు. చూసిన ప్రతి ఒక్కరికీ తమ ఇంటి వస్తువే కనిపించింది, అందుకే అది ఇన్నాళ్లు నిలిచింది.

కలిసింది ఏమిటి, కలవనిది ఏమిటి?

సంస్కృతులు కలవడం అంటే తేడాలు చెరిగిపోవడం అనుకుంటాం. ఈ బట్ట వేరే సంగతి చెబుతుంది. నమాజుకు పరిచే బట్టలో సాధారణంగా చెట్టు, పూలు, తోరణం మాత్రమే ఉంటాయి, ప్రాణుల బొమ్మలు ఉండవు. గోడకు కట్టే పర్దాలో అయితే అదే సర్వ్ చెట్టుకు అటూ ఇటూ నెమళ్లు నిలబడతాయి. గుడి కోసం గీసిన బట్టలో రామాయణ, భారత కథలు వరుసలుగా ఉంటాయి, వాటి పక్కన తెలుగు అక్షరాల్లో వివరణ ఉంటుంది. ఇరాన్ కోసం చేసిన కొన్ని బట్టల్లో అదే తరహా పట్టీల్లో ఫార్సీ అక్షరాలు కనిపిస్తాయి.

అంటే పని తెలిసినవాళ్లు కొనేవారి విశ్వాసం ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగారు. తమ పనితనాన్ని మాత్రం ఎక్కడా తగ్గించలేదు. ఎదుటివారి హద్దును గౌరవిస్తూ వారికి కావలసింది చేసి ఇవ్వడం కూడా కలిసి బతకడంలో భాగమే. ఆ గౌరవం ఈ చిత్రంలో కంటికి కనిపిస్తుంది.

యూరప్ వాళ్లూ ఈ బట్టల కోసం వచ్చారు. ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో 1611లో దిగింది. పలంగ్‌పోష్ వాళ్ల నోట్లో ‘పాలంపోర్’ అయింది. భారతదేశపు అద్దకం బట్టల ధాటికి తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది.

రంగులన్నీ ఈ నేలవే

డిజైన్ ఎంత దూరం నుంచి వచ్చినా రంగు మాత్రం ఇక్కడిదే. ముందు బట్టను కరక్కాయ రసం, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. పాత ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో కొన్ని రోజులు ఊరబెడితే నలుపు గీతకు కావలసిన ద్రవం వస్తుంది. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. తర్వాత చిరివేరు లాంటి వేళ్లతో ఉడికిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది ఉతుకులో పోతుంది. నీలం నీలిమందు నుంచి వస్తుంది. మధ్యమధ్యలో పారే నీటిలో జాడించాలి. అందుకే కాలవ నీళ్లు లేకపోతే ఈ పని సాగదు.

శ్రీకాళహస్తిలో ఇప్పటికీ కలంతోనే గీస్తారు. మచిలీపట్నం, పెడన వైపు టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దుతారు.

ఇంట్లో పాతది ఉంటే

ఇప్పుడు బజారులో కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింట్లు, యంత్రం ప్రింట్లు చాలా దొరుకుతున్నాయి. చేతి అచ్చులో రెండు అచ్చులు కలిసే చోట గీత కొద్దిగా పక్కకు జరుగుతుంది, ఒక పువ్వులో రంగు ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ ఉంటుంది. అంతా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించాల్సిందే.

నానమ్మల కాలం నాటి జానమాజ్ పెట్టెలో ఉంటే పాతబట్ట కింద పారేయవద్దు. ప్లాస్టిక్ కవర్లో కట్టిపెడితే తేమ చేరుతుంది, ఉతికిన తెల్లటి నూలుబట్టలో చుట్టడం మంచిది. ఎప్పుడూ ఒకే మడతలో ఉంచితే ఆ మడత దగ్గరే చిరుగుతుంది, కాబట్టి అప్పుడప్పుడు మడత మార్చాలి. నేరుగా ఎండ తగలనివ్వకూడదు. అది ఎవరిది, ఎక్కడ కొన్నారు, ఎవరి పెళ్లికి వచ్చింది అన్న వివరాలు పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసి దానితోపాటే పెట్టాలి. బట్ట మీద పనివాళ్ల పేరు ఎలాగూ ఉండదు. వాడినవాళ్ల పేరైనా మిగులుతుంది.