సూపర్‌మెరీన్ వాల్రస్

సూపర్‌మెరీన్ వాల్రస్ రెండవ ప్రపంచ యుద్ధములో బ్రిటిష్ నౌకాదళము, వాయుసేన వాడిన ఉభయచర విమానము. ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలు గల బైప్లేన్ ఇది. స్పిట్‌ఫైర్ రూపకర్త ఆర్.జె. మిచెల్ దీనిని రూపొందించాడు. 1933 జూన్ 21న తొలిసారి ఎగిరినది.

నిర్మాణము

విమానపు అడుగుభాగము పడవ ఆకారములో ఉండి నీటిపై తేలును. నేలపై దిగుటకు ముడుచుకొను చక్రములు కలవు. రెక్కల నడుమ అమర్చిన ఇంజనుకు వెనుకవైపున ప్రొపెల్లరు ఉండి విమానమును ముందుకు నెట్టును. యుద్ధనౌకపై నుండి కాటపుల్ట్ యంత్రముతో దీనిని గాలిలోకి విసిరి, నీటిపై దిగిన పిదప క్రేనుతో నౌకపైకి ఎత్తేవారు.

సాంకేతిక వివరాలు

* సిబ్బంది: 3 - 4
* పొడవు: 10.2 మీటర్లు
* రెక్కల వ్యాప్తి: 14 మీటర్లు
* ఇంజను: బ్రిస్టల్ పెగాసస్ (1)
* గరిష్ఠ వేగము: గంటకు సుమారు 215 కి.మీ.
* తయారైనవి: సుమారు 740

యుద్ధములో పాత్ర

1941 మే 8న హిందూ మహాసముద్రములో కార్న్‌వాల్ నౌక నుండి ఎగిరిన వాల్రస్ జర్మనీ దాడినౌక పింగ్విన్ జాడ కనిపెట్టగా, కార్న్‌వాల్ దానిని ముంచివేసినది. 1942 ఏప్రిల్ 5న జపాను విమానములు శ్రీలంకకు నైరుతి దిశలో కార్న్‌వాల్‌ను ముంచివేసినవి. మరునాడే విశాఖపట్నము, కాకినాడలపై జపాను బాంబులు పడినవి. వేగము తక్కువైనను, సముద్రములో కూలిన విమానముల సిబ్బందిని రక్షించుటలో వాల్రస్ మిక్కిలి ఉపకరించినది.