ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నారా? ఈ జాగ్రత్తలు తెలుసుకోండి

కులం పెట్టే బాధకు మాత్ర ఏం చేస్తుంది? కుంగుబాటుకు వైద్యం మాట ఎత్తినప్పుడల్లా మన వాడల్లో ఎదురయ్యే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. ఏ మాత్రా వివక్షను ఆపదు. కానీ అవమానాన్ని, అప్పును, భయాన్ని ఏళ్ల తరబడి మోసిన మనిషికి వారాల పాటు నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, ఊరికే గుండె దడ పుట్టినా, చచ్చిపోదామనిపించినా అది వైద్యం అవసరమైన జబ్బు. కారణం మీద పోరాడుతూనే జబ్బుకు మందు వాడొచ్చు. అందుకే కుంగుబాటుకు, ఆందోళనకు మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా రాసే ఎస్సిటాలోప్రామ్ గురించి వివరంగా చెబుతున్నాం.

ఎలా పనిచేస్తుంది?

ఇది ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం మందు. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం ఎక్కువసేపు అందుబాటులో ఉండేలా చేస్తుంది. ఇది మత్తుమందు కాదు, నిద్రమాత్ర కాదు. సాధారణంగా 5 లేదా 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. రోజుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. పెద్ద వయసు వాళ్లకు సాధారణంగా 10తోనే ఆపుతారు. రోజుకు ఒక్కసారే, ఒకే వేళకు వేసుకోవాలి. తిన్నాకైనా, తినకముందైనా ఫర్వాలేదు. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి, చెమట, నిద్ర చెడడం వంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. ఎక్కువమందికి రెండు వారాల్లో తగ్గిపోతాయి. మందు పనిచేయకముందే ఇబ్బందులు రావడంతో చాలామంది ఇక్కడే మానేస్తారు. కొందరికి లైంగిక కోరిక తగ్గుతుంది. సిగ్గుపడి దాచుకోకుండా డాక్టరుకు చెబితే మోతాదు గానీ మందు గానీ మారుస్తారు.

మొదటి వారాల్లో కనిపెట్టుకుని ఉండాలి

25 ఏళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు చనిపోవాలనే ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది. హాస్టల్లో ఉండే పిల్లలైతే నమ్మకమైన స్నేహితుడికో, ఇంట్లో ఒకరికో మందు మొదలుపెట్టిన సంగతి చెప్పి ఉంచాలి. అలాంటి ఆలోచనలున్న మనిషి దగ్గర నెల మాత్రలన్నీ ఒకేసారి ఉంచొద్దు. ఇంట్లోవాళ్లు దాచి, రోజుకొకటి ఇవ్వడం మంచిది. రోజుల తరబడి నిద్ర లేకుండా హుషారుగా తిరగడం, అంతులేకుండా మాట్లాడడం, డబ్బు విపరీతంగా ఖర్చుపెట్టడం కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

డాక్టరుకు ముందే చెప్పాల్సినవి

ఒళ్లునొప్పులకు ట్రమడాల్, మొండి టీబీకి లైనెజోలిడ్ వాడుతుంటే తప్పక చెప్పాలి. ఇవి ఎస్సిటాలోప్రామ్‌తో కలిస్తే జ్వరం, వణుకు, కండరాలు బిగుసుకుపోవడం, మాట తడబడడం రావచ్చు. అలా జరిగితే 108కి ఫోన్ చేయాలి. కూలి పని చేసి నడుం నొప్పికి రోజూ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగేవాళ్లకు కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. గుండె జబ్బు, మూర్ఛ, గర్భం ఉంటే ముందే చెప్పాలి. మందు వాడుతుండగా గర్భం వస్తే సొంతంగా మానేయొద్దు, డాక్టరును అడగాలి. మందు వాడినన్నాళ్లూ కల్లు, సారా, బ్రాందీ మానడమే మేలు.

స్ట్రిప్ మీద రెండు పేర్లున్నాయా?

ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ కలిపిన మాత్ర మన మందుల షాపుల్లో విరివిగా దొరుకుతుంది. క్లోనజెపామ్ మొదటి రోజే నిద్ర పట్టిస్తుంది. అందుకే మంచి మందని నమ్ముతాం. కానీ వారాల తరబడి వాడితే శరీరం దానికి అలవాటుపడుతుంది, మానడం కష్టమవుతుంది. స్ట్రిప్ చూడండి. క్లోనజెపామ్ ఉంటే ఎన్నాళ్లు వాడాలో, ఎలా తగ్గించాలో డాక్టరును అడగండి. పాత చీటీ చూపించి నెలనెలా కొనుక్కోవడం, ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు మింగడం ప్రమాదం.

ఉన్నట్టుండి మానొద్దు

బాగైందని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం, చిరాకు వస్తాయి. డాక్టరు చెప్పిన ప్రకారం వారాల మీద కొంచెం కొంచెం తగ్గించాలి. పనికి వలస వెళ్లేటప్పుడు సరిపడా మాత్రలు, చీటీ వెంట ఉంచుకోవాలి.

మందు మన హక్కు

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని సెక్షన్ 18 కుల వివక్ష లేకుండా వైద్యం పొందే హక్కు ఇచ్చింది. అత్యవసర మందుల జాబితాలోని మానసిక వైద్యం మందులను సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఉచితంగా ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతోంది. జాతీయ జాబితాలో ఎస్సిటాలోప్రామ్ ఉంది. బయట కొనుక్కోమంటే ఈ సెక్షన్ పేరు చెప్పి అడగండి. పెద్ద వైద్యం కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి.

అట్రాసిటీ కేసు నడుస్తుండగా మందు వాడితే పిచ్చి ముద్ర వేస్తారన్న భయం చాలామందిది. మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషిని మతిస్థిమితం లేనివారిగా భావించకూడదని, కోర్టు ప్రకటిస్తేనే అలా అనాలని సెక్షన్ 3 స్పష్టం చేస్తోంది. వైద్యం వివరాలను గోప్యంగా ఉంచాలని సెక్షన్ 23 చెబుతోంది. వేధింపు జరిగిన సంగతి డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోండి. చీటీలన్నీ దాచుకోండి.

రోహిత్ వేముల, పాయల్ తడ్వీల తల్లులు 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లింది చదువుల్లో కుల వివక్షను ఆపమని. ఆ పోరాటం మాత్రతో తీరేది కాదు. ఆ పోరాటం చేయడానికి మన మనుషులు బతికి ఉండాలి, ఆరోగ్యంగా ఉండాలి. చనిపోవాలనిపిస్తే ఏ వేళలోనైనా టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.