బొగ్గుట్ట అల్లుడు

ఈ దంపతుల పేర్లు రాయడం లేదు. వాళ్లిద్దరూ చెప్పుకొచ్చిన దాన్ని కళ్లముందు నిలుపుకుని రాస్తున్నాను.

ఆయనది తెనాలి దగ్గర పల్లె. తాత కట్టించిన పెంకుటిల్లు, కాలవ కింద మాగాణి, సంక్రాంతికి ఇల్లు పట్టనంత మంది చుట్టాలు. ఆమెది ఇల్లెందు. తండ్రి సింగరేణిలో కోల్‌ఫిల్లర్. కొలువున్నన్నాళ్లే కంపెనీ క్వార్టర్. దిగిపోయాక తాళం అప్పజెప్పాల్సిందే. వీఆర్ఎస్ తీసుకుని ఆ కుటుంబం హైదరాబాద్ శివార్లలో అద్దెకు చేరింది. ఆమె పెళ్లి, పురుళ్లు అన్నీ అక్కడే. అందుకే ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఇల్లెందు గడప తొక్కలేదు. అక్కడ అత్తారిల్లంటూ ఉంటే కదా!

తండ్రి పోయిన కొన్నాళ్లకు ఆమే అడిగింది. "ఏవండీ, ఒకసారి మా ఊరు పోయొద్దామా?"

ఆమె నోట 'మా ఊరు' అన్న మాట వినడం ఆయనకు అదే మొదలు.

ఖమ్మంలో బస్సెక్కారు. ఇల్లెందు దగ్గరపడే కొద్దీ బొగ్గు లారీలు, మసి పట్టిన చెట్లు, దూరంగా కొండల్లాంటి మట్టి దిబ్బలు. అవి కొండలు కావని, ఓపెన్‌కాస్ట్ గనిలోంచి తోడి పోసిన మట్టి అని ఆమె చెప్పింది. ఈ ఊరిని పాతవాళ్లు బొగ్గుట్ట అంటారని కూడా చెప్పింది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీ పక్కనే ఉన్న సింగరేణి గ్రామం పేరు పెట్టుకుంది. అంటే తెనాలి దగ్గర తాత పెంకుటిల్లు లేవకముందే ఇక్కడ మనుషులు బొగ్గు బాయి దిగుతున్నారన్నమాట. ఆయనకు ఆ లెక్క తట్టగానే కొంచెం సిగ్గేసిందట. ఊరంటే తనదే పాతదని అన్నాళ్లూ అనుకున్నాడు మరి.

క్వార్టర్ల లైన్ దగ్గర దిగి నడిచారు. ఆమె వాళ్ల లైన్ లేదు. సర్కారు తుమ్మ అల్లుకున్న ఖాళీ నేల, మధ్యలో పగిలిన సిమెంటు గచ్చు.

"ఇక్కడ బొగ్గుల పొయ్యి. పొద్దున్నే లైనంతా పొగ కమ్మేది. ఇక్కడ నాన్న మంచం. రాత్రి షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకునేవాడు. మేం అరవకుండా ఆడుకోవాలి. ఏ ఇంట్లో ఎవరు నిద్రపోతున్నారో లైనులో పిల్లలందరికీ తెలిసేది." చెబుతూ చెబుతూ ఆమె గొంతు తగ్గించింది, ఎవరో ఇంకా నిద్రపోతున్నట్టు. వేళగాని వేళ సైరన్ మోగితే తల్లి ఎలా వణికిపోయేదో, ఎసరు పొయ్యి మీదే వదిలేసి బాయి వైపు ఎలా పరుగెత్తేదో కూడా చెప్పింది.

పట్టా, పొలం, గోడ లేకపోతే ఊరు లేనట్టేనని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం! ఒకప్పుడు సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య సగానికన్నా తక్కువ. బాయిలు మూతపడ్డప్పుడల్లా ఇల్లెందు నుంచి ఎన్నో కుటుంబాలు మణుగూరుకో, భూపాలపల్లికో, గోదావరిఖనికో కదిలిపోయాయి. వాళ్ల పిల్లలెవరికీ చూపించడానికి గోడలు లేవు.

పక్క వీధిలోంచి ఒక ముసలమ్మ వచ్చింది.

"ఎవల బిడ్డవే నువ్వు?"

తండ్రి పేరు చెప్పింది. అంతే, ముసలమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయింది. ఒకే లైనులో పక్క క్వార్టర్ వాళ్లది.

టీ తాగుతుండగా నేల అదిరి, కిటికీ గడగడలాడింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు. ముసలమ్మ గ్లాసు కూడా దించలేదు. "బ్లాస్టింగ్ కొడుక, కూసో."

అప్పుడు చెప్పింది అసలు సంగతి. అప్పట్లో ముసలమ్మ భర్త జబ్బు చేసి పోయాడు. డిపెండెంట్ ఉద్యోగం చేతికొచ్చేదాకా ఇల్లు గడిచే దారి లేదు. "జీతాల రోజున మీ నాయిన వచ్చిండు. మీ ఆయన నా తాన చిట్టీ కట్టిండమ్మా, నెలనెలా ఇస్తనన్నడు. నౌకరి వచ్చేదాంక ఇచ్చిండు. కొన్నేండ్లయినంక తెలిసింది, చిట్టీ లేదు, ఏం లేదు. అడిగితే నవ్విండు. నీకు చెప్పలేదా బిడ్డా?"

"చెప్పలేదత్తా." ఆమె ఏడ్చేసింది.

ఆయనకు తెలిసిన మామగారు దగ్గుతూ, తక్కువ మాట్లాడే ముసలాయన. పెళ్లిలో లాంఛనాలు సరిగ్గా జరపలేకపోయాడని తమ వాళ్లు గొణిగిన మనిషి. ఆ గొణుగుడు విని ఊరుకున్నవాళ్లలో తానూ ఉన్నానని ఆయన నాతో చెప్పినప్పుడు తల ఎత్తలేదు. ఒకరి ఆత్మాభిమానం దెబ్బతినకుండా సాయం చేయడానికి చిట్టీ పేరు అల్లుకొచ్చిన ఆ గని కార్మికుడికి మించిన లాంఛనం ఏ వియ్యంకుడు జరిపాడు?

బయల్దేరబోతే ముసలమ్మ కదలనివ్వలేదు. ఆమెకు బొట్టు పెట్టి రవిక గుడ్డ చేతిలో పెట్టింది. ఆయనకు కొత్త తువ్వాల కప్పింది. "అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చిండు. ఉత్త చేతులతోటి పంపుతనా?"

మామగారి సంవత్సరీకం ఇల్లెందులోనే చేద్దామని అక్కడికక్కడే అన్నది ఆయనే. కొడుకుల్లేని మనిషి, బిడ్డా అల్లుడే చేయాలి. ముసలమ్మ వెంటనే ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. లైనోళ్లందరినీ పిలవాలె. మణుగూరులో ఎవరున్నారో, భూపాలపల్లిలో ఎవరి కొడుకు ఏ బాయిలో చేస్తున్నాడో, గోదావరిఖనిలో ఎవరి బిడ్డను ఇచ్చారో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. ముసలమ్మ పక్కన కూర్చుని ఆమె పేర్లు గుర్తుచేస్తుంటే, ఆయన ఫోన్‌లో నంబర్లు ఎక్కించుకున్నాడు. చివరి బస్సు వెళ్లిపోయింది. ఆ రాత్రి అక్కడే తిని పడుకున్నారు.