నేర్చుకొనుట మానని నాయకుడు : శ్రీ భాగ్యరెడ్డివర్మగారి చరిత్రము



ఏటేట జరుగు మహాసభకు మూడు పనులు కలవు. గడచిన యేటి లెక్క చెప్పుట మొదటిది. రానున్న యేటికి కార్యవర్గము నెన్నుకొనుట రెండవది. సంఘమునకు మేలు చేసిన పెద్దలను తలచుకొనుట మూడవది. మొదటి రెండును ఎట్లో సాగిపోవుచున్నవి. మూడవది మాత్రము తరచుగా పటమునకు పూలమాల వేయుటతోనే ముగియుచున్నది. పెద్దలేమి చేసిరో చెప్పుకొందుము. అంత పని చేయగల శక్తి వారికెట్లు కలిగెనో చెప్పుకొనము. శక్తి వచ్చిన త్రోవ తెలియనిచో వారి గొప్పతనము దైవదత్తమైన వింతగా తోచును గాని, మన బిడ్డలు నడువదగిన బాటగా తోచదు. ఈ లోపమును కొంతవరకైన దీర్చుటకై, మన హైదరాబాదు నగరముననే పుట్టి పెరిగి, దేశమున పేరు వడసిన శ్రీ మాదరి భాగ్యరెడ్డివర్మగారి చరిత్రమును ఈ దృష్టితో పరిశీలింప బూనితిని.

వ్యాకరణ మహాభాష్యపు ప్రథమాహ్నికమున పతంజలి మహర్షి, విద్య నాలుగు కాలములలో సార్థకమగునని సెలవిచ్చెను. గురువువలన గ్రహించు కాలము ఆగమకాలము. తనంతట తాను చదివి నెమరువేసికొను కాలము స్వాధ్యాయకాలము. ఇతరులకు బోధించు కాలము ప్రవచనకాలము. లోకకార్యములందు వినియోగించు కాలము వ్యవహారకాలము. ఈ మాట శబ్దశాస్త్రమును గూర్చి చెప్పబడినదైనను నాయకత్వమునకును చక్కగా పొసగును. పెక్కేండ్లు పాఠము చెప్పినవాడను గనుక నాకు తోచిన యొక విశేషమును ఇచట చేర్చుచున్నాను. ఈ నాలుగును మెట్లవలె ఒకదాని తరువాత నొకటి ముగిసిపోవునవి కావు. వ్యవహారమున తగిలిన చిక్కు మనుష్యుని మరల చదువునకు పంపును. ఆ చదువు కొత్త బోధను, కొత్త పనిని పుట్టించును. ఈ చక్రము తిరుగుచున్నంతకాలము నాయకుడు పెరుగుచుండును. అది నిలిచిననాడు పదవి మిగులును, నాయకత్వము మిగులదు. ఏ ప్రజలకు శాస్త్రపఠనము నిషేధింపబడెనో ఆ ప్రజలలో జన్మించిన వర్మగారు శాస్త్రకారుడు చెప్పిన యీ చక్రమును జీవితాంతము త్రిప్పిరి.

వర్మగారు 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీన జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. ఒకనాడు దేశమునేలిన జనులకు 'రేడు' అను శబ్దమునుండి వచ్చిన 'రెడ్డి' నామము తగునని తలచి, కుటుంబగురువు భాగ్యరెడ్డి యని పిలిచెనని జీవితచరిత్రలు చెప్పుచున్నవి. పిన్నవయస్సుననే ఇల్లు విడిచి, సికింద్రాబాదులో దోస్ సాంతోస్ అను బారిష్టరుగారి యింట పనికి కుదిరిరి. పనికి కుదిరిన యిల్లే పాఠశాల యైనది. ఆ యింట లభించిన పుస్తకములను, పత్రికలను చదువుకొనుచు, విద్యావంతుల సంభాషణములను వినుచు లోకజ్ఞానము సంపాదించిరి. పట్టములు లేవు, పరీక్షలు లేవు. ఇట్లు ఆగమమును స్వాధ్యాయమును ఒక్కచోటనే యారంభమైనవి.

అంతటితో తృప్తిపడి తమ బ్రతుకు తాము చూచుకొనియుండినచో నేడు వారిని తలచువారుండెడివారు కారు. 1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, జగన్మిత్రమండలి యను చిన్న సమాజమును స్థాపించిరి. దాని ముఖ్యసాధనము హరికథ. ఇది గమనింపదగిన నిర్ణయము. వినువారికి అక్షరములు రావు. కరపత్రము పంచిన ప్రయోజనము లేదు. చెవికి తెలిసిన కథామార్గముననే సంఘసంస్కారమును చెప్పవలెను. బోధకుడు తన చదువును వినువాని స్థితికి తగినట్లు మలచుకొనుటయే ప్రవచనము.

అయితే కథ విన్నవాడు ఇంటికిపోయి మరచిపోవును. మార్పు నిలువవలెనన్న పిల్లలకు అక్షరములు రావలెను. 1910లో వర్మగారు ఇసామియా బజారునందును లింగంపల్లియందును పాఠశాలలు తెరచిరి. మన పాతబస్తీనుండి మూసీనది దాటి చాదరుఘాటు చేరినవారికి ఇసామియా బజారు దగ్గరనే యున్నది. ఆ చిన్న ప్రారంభమునుండి పాఠశాలల సంఖ్య క్రమముగా 26 వరకు పెరిగినది. తరువాతి కాలమున వానిని నిజాము ప్రభుత్వము స్వీకరించినది. పాఠశాల నడపుట హరికథ చెప్పుటవంటిది కాదు. ఉపాధ్యాయుని కుదుర్చవలెను, అద్దె కట్టవలెను, పనికి పోవు పిల్లవానిని బడికి పంపుమని తల్లిదండ్రులను బ్రతిమాలవలెను, దాతలయొద్దకు పలుమారులు తిరుగవలెను. 26 పాఠశాలలు నడపినవాడు అంతకుముందటి కథకుడు కాడు. పనియే ఆయనకు రెండవ గురువైనది.

వ్యవహారకాలమున వారి పని మరింత విరివియైనది. కుటుంబకలహములు, కులకట్టుబాట్లు మొదలగువానిని తీర్చుటకై పంచాయతీ న్యాయస్థానములను ఏర్పరచిరి. అంటువ్యాధులు ప్రబలినప్పుడు సేవచేయుటకు స్వచ్ఛందసేవకులను కూడగట్టిరి. బాల్యవివాహము, మద్యపానము, ఆడబిడ్డలను దేవదాసీలుగాను జోగినులుగాను విడుచు దురాచారము, దేవతల పేర జంతుబలి, వీనినన్నింటిని ఎదిరించిరి. 1925లో తమవారి చేతిపనులను ప్రదర్శనమునకు పెట్టించి, వీరికి ఏ పని రాదని తలచువారికి సమాధానము చెప్పిరి. బ్రహ్మసమాజమునుండి, ఆర్యసమాజమునుండి గ్రహింపదగినది గ్రహించిరి. 1913లో ఆర్యసమాజమువారు వర్మ యను బిరుదమునిచ్చిరి. ఆ బిరుదముతోనే ఆగిపోక బుద్ధభగవానుని ధర్మమును అధ్యయనము చేసి, నగరమున బుద్ధజయంతిని జరిపించిరి. ఒక మార్గమున లభించిన గౌరవము మరియొక మార్గమును పరిశీలించుటకు వారికి అడ్డు కాలేదు.

ఇక వారి మననమును గూర్చి చెప్పవలెను. మనస్సులో జరుగుదానిని పరులెట్లు తెలిసికొనగలరని కొందరడుగవచ్చును. వర్మగారి విషయమున దానికి ప్రత్యక్షసాక్ష్యము కలదు. అది వారు స్థాపించిన సంఘములకు కాలక్రమమున పెట్టిన పేర్ల వరుస. సంస్కృతము చదివినవానికి ఈ పేర్లు ఒక చిన్న గ్రంథమువంటివి.

1906 నాటి పేరు జగన్మిత్రమండలి. 'మిత్ర' శబ్దము లోకముతో చెలిమి కోరుచున్నది. అయిదేండ్లు ఆ పేరుతో పనిచేసినపిమ్మట 1911లో మాన్యసంఘమను పేరు వచ్చినది. పూజార్థకమగు మాన ధాతువునుండి కలిగిన 'మాన్య' శబ్దమునకు గౌరవింపదగినవాడని యర్థము. చెలిమి ఎదుటివాని దయపై నాధారపడును. గౌరవార్హత తనయందే యుండును. 1917 నవంబరులో బెజవాడయందు జరిగిన ప్రాంతీయ పంచమ మహాసభకు వర్మగారు అధ్యక్షులైరి. ఆ పీఠమునుండియే ఆ సభ పేరును ప్రశ్నించిరి. పంచమ శబ్దమునకు పురాణములలో ఆధారము లేదనియు, ఆ పేర పిలువబడువారు ఈ దేశపు ఆదినివాసులనియు వాదించిరి. మనుస్మృతి దశమాధ్యాయము సైతము ఐదవ వర్ణము లేదనుచుండగా ఐదవవారెట్లు పుట్టిరి? సభ ఆ వాదమును అంగీకరించి ఆది ఆంధ్ర మహాసభ యను పేరు ధరించినది. ఐదవవారుగా సభలో ప్రవేశించినవారు మొదటివారుగా వెడలివచ్చిరి.

అంతటితోను ఆగలేదు. 1922 ప్రాంతమున హైదరాబాదులో ఆది హిందూ నామము స్థిరపడినది; మాన్యసంఘము ఆది హిందూ సంఘసేవాసమితి యైనది. కారణము ఊహించుట కష్టము కాదు. నిజాము రాజ్యమున తెనుగువారితోపాటు మరాఠీ, కన్నడము మాటలాడు సోదరులును కలరు. ఆంధ్ర శబ్దమునందు వారికి చోటు లేదు. 1931 జనాభా లెక్కలలో ఈ రాజ్యమున ఆది హిందూ నామమే వ్రాయబడినది. మిత్ర, మాన్య, ఆది యను మూడు శబ్దముల నడుమ పదునారేండ్ల యాలోచన యున్నది. తాను పెట్టిన పేరును తానే మార్చుకొనుటకు చాల ధైర్యము వలయును. ఏలయనగా పేరు మార్చుట నిన్నటి తలంపు చాలలేదని నలుగురియెదుట ఒప్పుకొనుటయే కదా.

ఈ మననఫలమే 1930లో మరియొక రూపమున కానవచ్చినది. ఆ యేడు లక్నో నగరమున జరిగిన అఖిలభారత ఆది హిందూ మహాసభకు వర్మగారు అధ్యక్షత వహించిరి. లండనులో జరుగనున్న రౌండు టేబులు సమావేశమున అణగారిన ప్రజల పక్షమున డాక్టరు అంబేడ్కరుగారు మాటలాడుటను ఆ సభ సమర్థించినది. అంబేడ్కరుగారు వర్మగారికంటె వయస్సున దాదాపు మూడేండ్లు చిన్న, సంఘసేవలోను తరువాతివారు. అయినను న్యాయశాస్త్రమున, అర్థశాస్త్రమున వారి పాండిత్యము ఆ పనికి తగినదని గుర్తించి త్రోవ యిచ్చుట నాయకుని వివేకము. తనకంటె ఎక్కువ చదివినవానిని చూచి సంతోషించువాడే నిజమైన విద్యార్థి. 1931లో భాగ్యనగర్ అను పత్రికను నడపి, హరికథతో నారంభించిన బోధను అచ్చులోనికి తెచ్చిరి. ఈ నడుమ గడచిన పాతికేండ్లలో చదువరులు తయారగుచుండిరి గదా! 1939 ఫిబ్రవరి 18న వారు పరమపదించిరి.

చరిత్రము వ్రాయువాడు స్తుతితో ముగింపరాదు. ఈ యుద్యమమున అభిప్రాయభేదములు లేకపోలేదు. అరిగె రామస్వామిగారు, బి. యస్. వెంకటరావుగారు మున్నగు సహచరులు కాలక్రమమున వేరు త్రోవలు త్రొక్కిరి. అరుంధతీయ మాతంగ మహాసభ తమవారి బాధలను వేరుగా వినిపించినది. శ్రీ పి. ఆర్. వెంకటస్వామిగారు 1955లో ఆంగ్లమున ప్రకటించిన ఉద్యమచరిత్రమునందు ఈ తగవులు దాచబడలేదు. మనమును దాచరాదు. అణగారినవారిలోను మరింత అణగినవారుందురనియు, వారి మాట వినని సంఘము చీలుననియు ఆ భేదములు బోధించుచున్నవి. పెద్దలు సాధించినదానివలెనే సాధింపలేకపోయినదియు మనకు పాఠమే.

ఇట్టి మార్గము మన నగరమునకే చెందినదని తలపరాదు. కేరళదేశమున 1903లో నారాయణగురువుగారి యాశ్రయమున స్థాపింపబడిన శ్రీ నారాయణ ధర్మపరిపాలన యోగమునకు మొదటి కార్యదర్శి మహాకవి కుమారన్ ఆశాన్. కవియు పండితుడునైన యొకడు సంఘపు లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరములు చూచుటవలన ఆ సంఘము చదువును, కార్యమును విడదీయక నడచినది. పూనాలో 1848లో బాలికలకు పాఠశాల తెరచిన జ్యోతిరావు, సావిత్రీబాయి ఫూలే దంపతులలో సావిత్రీబాయిగారు ముందు తాము అక్షరములు నేర్చి పిమ్మట ఉపాధ్యాయినియైరి. ఎచట చూచినను నేర్చినవారే నేర్పిరి, నేర్పుచు మరింత నేర్చుకొనిరి.

ఇప్పుడు మన సంగతి. నేడు మన యువకులలో పట్టభద్రులున్నారు, ఉద్యోగులున్నారు. వర్మగారికి లేని పుస్తకములు మన అరచేతిలోని యంత్రమునకే వచ్చుచున్నవి. అయినను కార్యవర్గపు టెన్నికలనాడు పోటీపడువారిలో గడచిన యేడు సంఘమేమి చేసెనో, ఏల చేయలేకపోయెనో చదివి వచ్చువారెందరు? వేదికపై ఆసనముకొరకు తొందరపడువారు బస్తీలో సాయంకాలపు పాఠమునకు తొందరపడుదురా? నాయకుడు వేదికపై పుట్టడు. అతడు పనిలో పుట్టి చదువుతో పెరుగును.

కావున ఈ మహాసభ ముందు మూడు విన్నపములుంచుచున్నాను. మొదటిది: శాలిబండ, గౌలిపుర, లాల్‌దర్వాజా మొదలగు పాతబస్తీ వాడలలో మనకు వీలైనచోట్ల వారమున కొక్కనాడైన పెద్దలు పిన్నలు కూడి చదువుకొను గోష్ఠిని నెలకొల్పవలెను. రెండవది: కార్యవర్గమున ప్రవేశింప దలచిన ప్రతి యువకుడును, ప్రతి యువతియు ముందొక యేడు పిల్లలకు పాఠము చెప్పుటయో, వృద్ధులకు కచ్చేరి పనులలో తోడ్పడుటయో చేసియుండవలెను. మూడవది: ఏటేట ప్రకటించు జమాఖర్చుల పట్టికతోపాటు, ఈ యేడు మనమేమి నేర్చుకొంటిమి, ఏ తలంపును మార్చుకొంటిమి అను రెండు ప్రశ్నలకు కార్యవర్గము వ్రాతమూలకముగా సమాధానము చెప్పవలెను. డబ్బు లెక్క అడుగుటకు వెనుదీయని మనము బుద్ధి లెక్క అడుగుటకు వెనుదీయనేల?

పోషక మహాశయులకు నొక్కమాట. మీరిచ్చు ద్రవ్యము భవనమునకు గాని, భోజనములకు గాని సార్థకమే. అయితే అందులో కొంత గ్రంథములకును, చదువు చెప్పువారికిని కేటాయింపుడు. భవనము కట్టినవాని పేరు శిలపై నుండును. చదువు చెప్పించినవాని పేరు తరతరముల నోట నిలుచును.

వర్మగారి పటమునకు ఈ యేడును పూలమాల వేయుదము. వేసినపిమ్మట ఇంటికి పోవునప్పుడు ప్రతివాడును తనలో నొక ప్రశ్న వేసికొనవలెను: నిరుటికంటె నేనేమి యెక్కువ తెలిసికొంటిని? సమాధానము దొరకినవాడు ఎట్టి పదవియు లేకున్నను మన నాయకుడే.

సంఘమునకు శుభమగుగాక.