నాయనమ్మ చెప్పిన ఆపరేషన్

"మన పిల్ల ఆపరేటరయిందట. ఇగ ఆపరేషన్లు చేస్తదా?" అని మా నాయనమ్మ వాడకట్టంతా వినేలా అడిగింది. 1999లో, సూర్యాపేటలో దస్తావేజులు టైపు చేసే చిన్న దుకాణంలో నాకు కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం దొరికిన రోజు మాట.

నవ్వానే గాని, ఆ పనేమిటో నాకూ సరిగ్గా తెలియదు. తెలిసిందల్లా టైపు. ఇంటరయ్యాక పెళ్ళి కుదిరేదాకా ఖాళీగా ఎందుకని నాన్న నేర్పించారు. లోయరు, హయ్యరు పాసయ్యాను. కంప్యూటర్ ముందు కూర్చోగానే ప్రాణం లేచొచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు అదే వరసలో ఉన్నాయి! 1870లలో అమెరికాలో రెమింగ్టన్ టైపు మిషనుతో వచ్చిన వరస అది. తెలుగుకి మాత్రం మళ్ళీ ఓనమాలు దిద్దాననుకోండి.

అసలు మొదట్లో కంప్యూటర్ అంటే మిషను కాదు, లెక్కలు కట్టే మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఫిరంగి గుళ్ళ లెక్కలు కట్టిన అమ్మాయిల్లో ఆరుగురికి ఎనియాక్ అనే 30 టన్నుల యంత్రాన్ని అప్పగించారు. తీగలు మార్చి, మీటలు తిప్పి దానిచేత లెక్కలు చేయించింది వాళ్ళే. 1946 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి చూపించాక జరిగిన విందుకు మాత్రం వాళ్ళని పిలవలేదు. వంటంతా చేసినవాళ్ళకి విస్తరి వేయకపోవడం మనకు కొత్తా?

మన రాష్ట్రంలో 1998 నవంబరు 4న రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 'కార్డ్' పథకం మొదలయింది. ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు ఉన్నాయో లేదో చెప్పే ఇ.సి. కోసం అంతకుముందు పాత పుస్తకాలు తిరగేస్తూ రోజులు గడిచేవి. ఆ తర్వాత నిమిషాల్లో చేతికొచ్చేది. ఆ పుస్తకాల్లోని వివరాలన్నీ కూర్చుని ఎక్కించిన వేళ్ళను తలచుకున్నదెవరు?

ఓ రోజు ఒక అవ్వ కూతురికి ఎకరం రాసిస్తూ, "చదివి వినిపించు బిడ్డా" అంది. చదివాను. సర్వే నంబరు దగ్గర ఆపింది. "అది మా పాలోళ్ళ చెల్క!" 216 కొట్టాల్సింది 261 కొట్టాను. నా చేతులు చల్లబడ్డాయి. మిషనుకు ఏ అంకైనా ఒకటే. కూతురికి మాత్రం భూమి దక్కకుండా పోయేది.

ఆ రోజు నుంచి ప్రతి కాగితం చదివి వినిపించాకే అచ్చు తీశాను. సాయంత్రం నాయనమ్మతో అన్నాను, "నువ్వన్నది నిజమే, చెయ్యి జారితే ప్రమాదమే" అని.

"మరి నేను చెప్పలే?" అంది.