దివాను దేవిడీ నుండి ఇరానీ చాయ్ దాకా

బల్కంపేట అనగానే నగరవాసులకు స్ఫురించేది నేలమట్టానికి దిగువన కొలువైయున్న ఎల్లమ్మ తల్లి. ఆ తల్లికి నమస్కరించి, ఒక ఆదివారమునాడు ఇంటిల్లిపాదిమి సాలార్ జంగ్ మ్యూజియము చూడ బయలుదేరినాము. మాలో ఎనుబదేండ్ల తాతయ్యయు, ఎనిమిదేండ్ల మనుమడును ఉన్నారు. అమీర్‌పేటలో మెట్రో రైలెక్కితే పంజగుట్ట దాటగానే ఇర్రం మంజిల్ అనే స్టేషను వచ్చును. అది నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మేడ పేరు. ఆ మేడను పడగొట్టి అక్కడ శాసనసభా భవనము కట్టవలెనని 2019లో రాష్ట్ర మంత్రివర్గము నిర్ణయించగా, అదే సంవత్సరము సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. ప్రభువుల మేడలు నిలుచుటయు కూలుటయు ఇట్లు కాగితముల మీదనే తేలుచుండును.

మేము చూడబోవుచున్న వస్తువులు ఒకప్పుడున్న ఇంటికి ఆ భాగ్యము లేకపోయినది. సాలార్ జంగ్ వంశీయుల దివాను దేవిడీ చాలవరకు నేలమట్టమైనది. ఇల్లు పోయినది గాని, ఇంటిలోని సొత్తు మిగిలినది. ఇది సామాన్యముగా జరుగు పద్ధతికి విరుద్ధము.

ఆ సొత్తును అధికభాగము కూర్చినవాడు మూడవ సాలార్ జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889లో జన్మించి, 1912లో ఏడవ నిజామునకు దివానై, రెండేండ్లకే ఆ పదవిని విడిచి, తక్కిన జీవితమంతయు కళాఖండముల సేకరణకే వెచ్చించినాడు. 1949 మార్చి 2న అవివాహితుడుగనే మరణించినాడు. అప్పుడు వచ్చినది అసలు చిక్కు. బిడ్డలు లేరు, బంధువులు కలరు, వస్తువులా, పలు మేడలలో చెల్లాచెదరుగా పడియున్నవి. వాటిని వాటాలు వేసి పంచుకొనియుంటే, మేలిముసుగు రెబెక్కా ఒక ఇంటికి, గంటల గడియారము వేరొక ఇంటికి, దంతపు సామాను ఏ వేలము పాటకో పోయియుండేవి. వాటాల సొత్తు మూడవ తరమునకు మిగులుట మనమెరుగుదుమా?

నాటి హైదరాబాదు ముఖ్యమంత్రి వెల్లోడికి వీటినొక ప్రదర్శనశాలగా చేయవలెనని తోచినది. వస్తువులను ఏర్చి కూర్చుటకు కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిపించినారు. ఈ ఐరిష్ పెద్దమనిషి మనకు పరాయివాడు కాడు; మదనపల్లె కళాశాలలో అధ్యక్షుడుగా ఉండి, 1919లో అక్కడ రవీంద్రునకు ఆతిథ్యమిచ్చినవాడు. 1951 డిసెంబరు 16న దివాను దేవిడీలోనే నెహ్రూ మ్యూజియమును ప్రారంభించినారు. 1958 డిసెంబరు 26న, ఉన్నత న్యాయస్థానపు డిక్రీననుసరించి కుదిరిన రాజీపత్రము ద్వారా కుటుంబీకులు సేకరణనంతటిని భారత ప్రభుత్వమునకు ఇచ్చివేసినారు. ఆ సంతకములు చేసినవారిని తలచుకొనేవారు అరుదు. 1961లో చట్టము వచ్చినది. 1968లో మూసీ దక్షిణపు గట్టున నేటి భవనము తెరచినారు.

రెబెక్కాను మొదటి సాలార్ జంగ్ 1876లో రోము నగరమున కొన్నాడు. బెంజోనీ అనే శిల్పి చెక్కినది. పాలరాతిలో ముసుగును, ముసుగు వెనుక ముఖమును ఒకే ఉలితో చూపినాడు. తాతయ్య అక్కడ చాలాసేపు నిలిచి, ఏమీ అనలేదు. పన్నెండు గంటలకు గడియారము ముందు జనము కిక్కిరిసినారు. చిన్న బొమ్మ బయటికి వచ్చి పన్నెండుసార్లు గంట కొట్టి లోపలికి పోయినది. మనుమడు మరల ఒంటిగంటకు ఒక్క దెబ్బ వినువరకు కదలనన్నాడు, విన్నాడు.

పింగాణీల గదిలో సేవ్రు, డ్రెస్డెన్, వెడ్జ్‌వుడ్ సామానులు అద్దాల వెనుక ఉన్నవి. ఇంగ్లండులో సాయంకాలపు టీ 1840ల నాటికి దొరల ఇండ్లలో ఆచారమైనది. ఆ ఆచారపు పాత్రలే సముద్రము దాటి నవాబుల బల్లలకు చేరినవి.

“తాతయ్యా, ఈ కప్పులో నిజంగా టీ తాగేవారా?” అని పిల్లవాడడిగినాడు.

“తాగకపోతే కప్పెందుకురా? నీకూ నాకూ మాత్రం పోసేవారు కారులే,” అన్నాడాయన.

మరి మనకు పోసినవారెవరు? ఇరాను నుండి బొంబాయికి, పూనాకు, అక్కడినుండి హైదరాబాదునకు బ్రతుకుతెరువు వెదుకుచు వచ్చినవారు. పాలరాతి పలకల బల్లలు వేసి, కూలివానికిని వకీలునకును ఒకే కప్పులో టీ ఇచ్చినారు. ఆబిడ్సులోని గ్రాండ్ హోటలు 1935 నాటిది. ఆకును మూతపెట్టిన పాత్రలో వేరుగా మరిగింతురు. పాలను వేరొక పాత్రలో చిక్కబడువరకు కాతురు. కప్పులోనే రెంటిని కలుపుదురు.

నాలుగు గంటలకు చార్మినారు దగ్గర అట్టి హోటలొకదానిలో కూర్చున్నాము. ఉప్పు తీపి కలిసిన ఉస్మానియా బిస్కత్తులు వచ్చినవి. కప్పు అంచు కొద్దిగా చెక్కిపోయియున్నది. తాతయ్య సగము టీ సాసరులోనికి వంచి, ఊది, చల్లార్చి మనుమని ముందుకు జరిపినారు.